నల్లగుండ్లలో సిరాబుడ్డి మూత తీసిన రోజు

మా ప్రేమ బూతులో మొదలై బూతులోనే ఒక కొలిక్కి వచ్చింది. పెద్దవాళ్లెవరైనా చదువుతుంటే కంగారు పడొద్దు. మొదటిది ఎస్టీడీ బూతు, రెండోది పోలింగ్ బూతు.

తొంభై తొమ్మిది ఆగస్టు నెల. ప్రొద్దుటూరు బస్టాండు ముందు ఉన్నట్టుండి వాన. మా కడప జిల్లాలో వాన కొత్తల్లుడి లాంటిది. పిలిచినప్పుడు రాదు, తీరా వచ్చిందంటే మర్యాద చేయడానికి మన చేతిలో గొడుగుండదు. నెత్తిన సంచి పెట్టుకుని పరుగెత్తి, కనబడిన మొదటి తలుపులో దూరాను.

లోపల బల్ల వెనక ఒకమ్మాయి. చేతిలో పెన్ను, చూపులో గన్ను. మా జిల్లాలో మగవాడన్నవాడు గన్నుకు భయపడాలి. నేను పెన్నుకు కూడా భయపడ్డాను.

“ఫోన్ చేసేవాళ్లే లోపలికి రావల్ల,” అంది.

“చేసేదానికే వచ్చినా.”

గాజు తలుపు వేసుకుని రిసీవర్ ఎత్తాను. ఎవరికి చేయాలి? మా చుట్టాల్లో ఫోనున్నవాడు ఒక్కడూ లేడు. అందుకని గాలితోనే మాట్లాడాను. “ఆఁ, కలెక్టర్ గారా? గోవిందును సార్. మీరట్లా బతిమాలితే ఎట్ల సార్? సరే, ఆలోచించి చెప్తా.” అయిదు నిమిషాలు జిల్లా పరిపాలన చక్కదిద్ది, జుట్టు సవరించుకుని బయటికొచ్చాను.

“బిల్లు,” అన్నాను దర్జాగా.

“బిల్లు లేదు సారూ. వానకు లైను పోయి గంటయింది. కలెక్టర్ సారు మీతో యా వైరులోంచి మాట్లాడినాడో ఆయప్పనే అడగండి.”

కువైట్‌లో ఉన్న మొగుడితో మాట్లాడటానికి బెంచీ మీద కూర్చున్న పీరాంబీ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నాకు మాత్రం తిరిగి వానలోకి పోవడమే మేలనిపించింది. అయినా సిగ్గు లేని కాళ్లు కదల్లేదు.

“మీ పేరు?”

“ఓబులమ్మ.”

“ఈ కాలంలో ఆ పేరేంది? ఓబీ అని పిలవొచ్చునా?”

“మా జేజి పెట్టిన పేరు. పూర్తిగా పిలిచే ఓపికుంటే పిలవండి, లేకుంటే కలెక్టర్‌తోనే మాట్లాడుకోండి.”

ఆ మరుసటి రోజు నుంచి నాకు ఫోన్ పనులు పెరిగాయి. నేను మున్సిపల్ స్కూల్లో సాంఘికశాస్త్రం అయ్యవారిని. మాది పులివెందుల పక్కన పల్లె, ఉద్యోగం ప్రొద్దుటూరు, వయసు ఇరవై ఎనిమిది, పెళ్లి లేదు. అమ్మాయిలకు లైనేసేవాళ్లు ఊరినిండా ఉన్నారు. లైను పోయిన బూతులో లైనేసినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే.

ఓబులమ్మది జమ్మలమడుగు దగ్గర నల్లగుండ్ల. నాయన బాలన్నకు గొర్లు, కొంచెం చేను. డిగ్రీ చదివి, ప్రొద్దుటూరులో అత్త ఇంట్లో ఉంటూ ఆ బూతు నడిపేది. మాటకు మాట అప్పజెప్పేది. నేను ఒక మాటను విరిస్తే తను నా ముక్కును విరిచేది.

“సారూ, మీరు పాఠం కూడా ఇట్లనే చెప్తారా?”

“ఇంకా బాగా చెప్తా. పిల్లోళ్లు ఒకటే నవ్వు.”

“పాఠానికా, మీకా?”

నెల తిరక్కుండానే ఎన్నికలు వచ్చిపడ్డాయి. అసెంబ్లీకీ పార్లమెంటుకూ ఒకేసారి. సెప్టెంబరు మొదటి వారంలో ఒకరోజు మంచి ఇస్త్రీ చొక్కా వేసుకుని బూతుకు పోయాను. అసలు విషయం చెప్పేద్దామని. గొంతు సవరించుకున్నానో లేదో బయట రెండు పార్టీల జీపులు మూల మీద ఎదురుపడి, ఒకదాని మైకు మీద ఇంకొకటి అరవడం మొదలుపెట్టాయి. పది నిమిషాలు దారి బందు, చెవులు బందు.

“చూడు,” అన్నాను. “ఒకడు జిల్లాను కొట్టుకుతిన్యాడు, ఇంకొకడు ఆకలి మీదుండాడు. వీళ్లకు ఓటేయడమంటే ఏ చెంప మీద కొట్టించుకోవాలో మనమే చూపించడం. నేనైతే ఎప్పుడూ వేయలే.”

“ఎప్పుడూనా?” తను పెన్ను కింద పెట్టింది.

“ఎప్పుడూ. నాలుగు ఎలక్షన్లకు డ్యూటీ చేసినా. అందరి వేళ్లకూ సిరా పూసేది నేనే. నా వేలికి మాత్రం అంటనీలే.” ఆ మాట అన్నప్పుడు నేను కొంచెం గర్వంగా వేలు కూడా ఆడించాను. వేలు పెట్టకూడని చోట వేలు పెట్టడమంటే అదే.

ఓబులమ్మ నా వేలి వంక చూసింది. తర్వాత తన వేలి వంక చూసుకుంది.

“నా ఓటు ఇప్పటికి రెండుసార్లు పడింది సారూ,” అంది. “రెండుసార్లూ నేను ఇంట్లో కూర్చోని ఎముక కొరుకుతాన్యా.”

“అర్థం కాలే.”

“మా ఊర్లో పైవీధి, కిందివీధి. వీధికొక పెద్దాయన. ఎనభై తొమ్మిది ఎలక్షన్లలో ఇద్దరి మనుషులూ కొట్టుకున్యారు. నలుగురు పొయినారు, మా చిన్నాయన ఒకడు. ఆ మీదట జమ్మలమడుగులో కూర్చోని రాజీ చేసుకున్యారు. ఏమని తెలుసునా? ఊర్లో అసెంబ్లీ ఓట్లన్నీ పైవీధాయన చెప్పిన పార్టీకి. పార్లమెంటు ఓట్లన్నీ కిందివీధాయన చెప్పిన పార్టీకి. అన్నదమ్ములు చేను పంచుకున్యట్ల మమ్మల్ని పంచుకున్యారు.”

“మరి ఊరోళ్లు?”

“ఊరోళ్లకు సియ్యలు. పోలింగ్ రోజు పొద్దున్నే ఇంటింటికీ మాంసం వస్తది. మా ఓటరు చీటీలన్నీ పైవీధాయన ఇంట్లో మేకుకు గుచ్చి ఉంటాయి. సంజీవయ్య మామ ఆ కట్ట తీస్కపోయి అన్నీ తానే గుద్దేసి వస్తాడు. రెండు పార్టీలకూ ఆయప్ప ఒక్కడే ఏజెంటు. మేం ఇల్లు కదిలే పనే లేదు. మా జేజికి డెబ్బై దాటినాయి, ఈ పొద్దుకూ ఆమె వేలికి సిరా మరక ఎట్లుంటదో తెల్దు.”

నేను నవ్వబోయాను. తను నవ్వలేదు, కాబట్టి మింగేశాను.

“ఈసారి నేను పోతాండా,” అంది. “ఆ రోజు ఊరికి పోయి, నా కాళ్లతో నేను నడిచిపోయి, నా ఓటు నేను వేస్తా.”

“ఎవరికి?”

“తెల్దు. ఎవురూ నచ్చలే.”

“మరి నేను చెప్తాండేదీ అదే గదా. నచ్చనోళ్ల కోసం అంత సాహసమెందుకు? నీకేమన్నా అయితే?”

ఓబులమ్మ రిజిస్టరు మూసి పక్కన పెట్టింది. చేతిలో ఏమీ లేనప్పుడే ఆ మనిషి ప్రమాదం.

“మా నాయన నాకు ఇద్దరు పెండ్లికొడుకుల్ని చూసినాడు సారూ. ఒకడు దువ్వూరోడు. నా జడ పొడుగు అడిగినాడుగాని పేరు అడగలే. ఇంకొకడు వల్లూరోడు, మా గొర్లను చూసినంత ఇష్టంగా నన్ను చూడలే. ఇద్దరూ నచ్చలే. ఇప్పుడు నేనేం చేయల్ల? ‘నాకెవురూ నచ్చలే, కాబట్టి మీ ఇష్టమొచ్చినోనికి కట్టేయండి’ అని మూల కూర్చోవాల్నా?”

“అట్లెందుకు? నచ్చలేదని చెప్పల్ల.”

“ఆ చెప్పేదానికైనా వాకిట్లోకి రావల్ల గదా.”

జోకు కోసం వెతికాను. వెతికితే జోకు దొరకకపోవడం నా జీవితంలో అదే మొదలు.

“మూడోవాడు దొరకొచ్చు,” అన్నాను మెల్లగా.

“మూడోవాడు నిలబడితే గదా.” తను నా ఇస్త్రీ చొక్కాను పైనుంచి కిందికి చూసింది. ఏం చెప్పడానికి వచ్చానో ఆ చొక్కా చెప్పేసినట్టుంది. “మీరు దినామూ దేనికొస్తాండారో నాకు తెల్దా? కానీ సారూ, మీకు వేసే దారి ఉండి వేయరు. మాకు వేయాలని ఉండి వేయనీరు. మనిద్దరం ఒక బస్సులో పోవచ్చుగాని ఒక ఇంట్లో కుదరదు. రేపట్నుంచి ఫోన్ పనుంటేనే రండి.”

ఇంటికొచ్చి బల్ల సొరుగు తీశాను. డ్యూటీ మీద పోయేవాళ్లకు కూడా ఓటుంటుంది. డ్యూటీ పడిన ఊరు మన ఎంపీ స్థానంలోదే అయితే, ఆ బూతులోనే ఎంపీ ఓటు వేసుకోమని ఒక సర్టిఫికెట్ ఇస్తారు. దానికి అర్జీ పెట్టుకోవాలి, అంతే. నా సొరుగులో మూడు ఎన్నికల అర్జీ ఫారాలు తెల్లగా పడి ఉన్నాయి. నాలుగోది కనబడలేదు. చూస్తే బల్ల ఊగకుండా కాలి కింద మడతపెట్టింది నేనే.

పిల్లలకు ‘పౌరుల బాధ్యతలు’ అని పాఠం చెప్పే అయ్యవారు, బాధ్యతను బల్లకాలి కింద పెట్టినాడు. మొదటిసారి నా మీద నాకే జోకు పుట్టింది, అది నవ్వు తెప్పించలేదు.

ఆ సంవత్సరం డ్యూటీ ఆర్డరు నాకు వేరే ఊరికి వచ్చింది. నల్లగుండ్ల పడింది ఎర్రగుంట్ల అయ్యవారు ఒకాయనకు. ఆ పేరు చదవగానే ఆయనకు జ్వరం కూడా పడిందట. పోయి, “మార్చుకుందాం సార్,” అన్నాను. నా చేయి పట్టుకున్నాడు. పట్టుకున్న చేయి చల్లగా ఉంది, జ్వరం అక్కడికక్కడే దిగిపోయింది. ఆఫీసులో గుమాస్తా నా కాగితం రెండుసార్లు చదివాడు.

“నల్లగుండ్ల వద్దని రెకమెండేషన్ తెచ్చేవాళ్లను చూసినాం సార్. కావల్లని అడిగినోన్ని ఇప్పుడే చూస్తాండా. ఆడ ఏముంది?”

“మా కలెక్టరుంది,” అన్నాను.

ఈసారి అర్జీ ఫారం నింపి, సంతకం చేసి, నా చేతులతో నేనే ఇచ్చాను. ఆ సంగతి తనకు చెప్పాలని బూతుకు పోతే తాళం. “ఊరికి పొయింది బేటా,” అంది మెట్ల మీద కూర్చున్న పీరాంబీ. “మీ లైను ఈసారి నిజంగానే పోయింది.”

పోలింగ్‌కు ముందు రోజు సాయంత్రం పెట్టెలతో సహా లారీలో నల్లగుండ్ల బడికి చేరాం. ప్రిసైడింగ్ ఆఫీసర్ అబ్దుల్ సత్తార్ సారు, రెండేళ్లలో రిటైరయ్యే హెడ్మాస్టరు. మంచి మనిషి, మెత్తని మనిషి. లారీ దిగేటప్పుడే మూడుసార్లు దువా చేసుకున్నాడు.

మేం చాపలు పరవకముందే సంజీవయ్య వచ్చాడు. తెల్ల పంచె, నున్నటి మీసం, నవ్వుముఖం. వెనక ఇద్దరు మనుషులు, మా కోసం కూర గిన్నెలు.

“సార్లకు ఈడ ఏ ఇబ్బందీ ఉండదు,” అన్నాడు. “ఏడుకు మొదలు, తొమ్మిదిన్నరకు ఖతం. మీరు ఆ పక్క గదిలో కూర్చోని టిఫిను చేస్తాండండి, మిగతాది మేం చూసుకుంటాం. పోయిన తడవ తొంభై ఎనిమిది పర్సెంటు. సిరాబుడ్డి తెచ్చినట్లే, మూత తీయకుండా తీస్కపొయినారు.”

సత్తార్ సారు నా వంక చూశాడు. నేను నా సంచిలోని సిరాబుడ్డి వంక చూశాను. తొంభై ఎనిమిది శాతం మంది ఓటేసిన ఊళ్లో ఒక్క వేలూ నల్లబడలేదు. వేలకు వేలు ఓట్లు, ఒక్క వేలూ లేదు.

పొద్దున ఏడు గంటలకు పెట్టె ఖాళీదని చూపించి సీలు వేశాం. సంజీవయ్య చీటీల కట్ట చేత్తో పట్టుకుని, మేకు గుచ్చిన చిల్లులోంచి దారం తీస్తున్నాడు. నేను లేచి నిలబడి సత్తార్ సారు ముందు నా సర్టిఫికెట్ పెట్టాను.

“నాకు ఈడ ఓటుంది సార్.”

“మీకా?”

“ఎంపీ ఓటు. రూలు ప్రకారమే.”

సంజీవయ్య దారం తీయడం ఆపాడు. నేను బల్ల మీద బుడ్డి పెట్టి మూత తిప్పాను. కొత్తది గదా, బిగుసుకుపోయి ఉంది. తిప్పినప్పుడు చిన్న చప్పుడు వచ్చింది. నేను నా ఎడమ చూపుడువేలికి గోటి మొదటి నుంచి గీత గీసుకున్నాను. ఎంపీ ఓటుకిచ్చే తెల్ల కాగితం తీసుకుని అట్ట చాటుకు పోయాను.

లోపల పేర్లన్నీ చదివాను. ఒకసారి చదివాను, రెండోసారి చదివాను. ఎవరూ నచ్చలేదు. ముద్ర చేతిలో పట్టుకుని నిలబడితే మాత్రం ఒక సంగతి తెలిసింది. ఇన్నాళ్లూ బయట కూర్చుని వాళ్లను తూకం వేశాననుకున్నాను. తక్కెడ నా చేతికి వచ్చింది ఇప్పుడే. అందరిలో తక్కువ చెడ్డవాడెవడా అని వెతికాను. వేశాను. ఎవరికో చెప్పను, మా ఆవిడకే ఇప్పటిదాకా చెప్పలేదు.

బయటికొచ్చేసరికి గుమ్మంలో ఓబులమ్మ. పక్కన కర్ర పట్టుకుని వాళ్ల నాయనమ్మ, పెద్దసుబ్బమ్మ జేజి. వాళ్ల వెనక దూరంగా, వేపచెట్టు కింద, భుజాన గొంగడి వేసుకుని ఒక పెద్దమనిషి. అది బాలన్న అని ముక్కు చూసి పోల్చుకున్నాను. కూతురిదీ అదే ముక్కు. నన్ను చూసి ఓబులమ్మ ముఖంలో వచ్చిన ఆశ్చర్యం ఉంది చూడండి, దాని కోసం ఇంకో నాలుగు డ్యూటీలు చేయొచ్చు.

“ఏందమ్మాయ్,” అన్నాడు సంజీవయ్య. “మీ ఇంటికి కూర రాలేదా?”

“వచ్చింది మామా. ఓటేసి పోయి తింటాం.”

“నీ ఓటు మేం వేస్తాం గదా, నీకెందుకు శ్రమ?”

“రెండుసార్లు నా శ్రమ నువ్వే పడితివి. ఈసారి నీకు సెలవు.”

“చీటీ యాడ?”

“నీ చేతిలోనే ఉంది. మేకు చిల్లు కూడా ఉంటది చూడు.”

నేను గొంతు పెంచి, ఎవరినీ చూడకుండా, రూలు చదివాను. “చీటీ లేకున్నా పరవాలేదు. లిస్టులో పేరుండి, మనిషి ఆ మనిషే అయితే చాలు.” గుమ్మం దాకా వినబడింది.

సంజీవయ్య నవ్వు మానేశాడు. గుమ్మం దాకా పోయి, చెట్టు కిందికి వినబడేట్టు అన్నాడు. “బాలన్నా, పిలుచుకుపో నీ బిడ్డను. పదేండ్లుగా ఊర్లో కత్తి లేవలే. యా రాజీ మీద ఈ ఊరు నిద్రపోతాందో నీకు తెల్దా? అది చెడితే మళ్లీ ఎన్ని పాడెలు లేస్తాయో చెప్పు.”

బాలన్న కదల్లేదు. ముందుకూ రాలేదు, వెనక్కీ పోలేదు. చుట్టూ ఇళ్ల తలుపులు ఒక్కొక్కటే తెరుచుకోవడం కనబడుతోంది. ఓబులమ్మ పెదవులు పాలిపోయాయి. సంజీవయ్య అన్నమాట పూర్తిగా అబద్ధం కాదు.

అప్పుడు జేజి కర్ర ఆనించి గడప దాటింది.

“సంజీవయ్యా,” అంది. “నా కొడుకు పొయింది వాని ఓటు వాడు వేసుకున్యందుకా?”

అతను చీటీల కట్టను ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు.

“చెప్పప్పా. ఆ పొద్దు నువ్వూ వాని పక్కనే ఉంటివి గదా. మీరిద్దరూ పొయింది వేరేవాళ్ల ఓట్లు గుద్దేదానికి. ఎవురి ఓటు వాళ్లు వేసుకోని ఇంటికి పొయింటే నా కొడుకు ఈ పొద్దుకు నీ మాదిరే మీసాలు దువ్వుకుంటా ఉండేటోడు. ఇంక నువ్వు రాజీ గురించి నాకు చెప్పగాకు. జరుగు.”

సంజీవయ్య జరిగాడు. జరగాలని జరిగాడో, కాళ్లే జరిగాయో తెలీదు. చీటీల కట్ట బల్ల మీద పెట్టి, గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

మొదటి ఆఫీసరు లిస్టు చూసి, “బాలన్న కూతురు ఓబులమ్మ,” అని చదివాడు. తను నా బల్ల ముందుకొచ్చి ఎడమచేయి చాపింది.

నెలరోజులుగా ఆ చేతిని పెన్ను పట్టుకోగా, రిసీవర్ తుడవగా చూసినవాణ్ణి. ముట్టుకున్నది ఇదే మొదటిసారి, అదీ ఎన్నికల కమిషన్ ఖర్చు మీద. వేలు చల్లగా ఉంది, కొంచెం వణుకుతోంది. నాదీ వణుకుతోంది. సిరా గీత తిన్నగా రావాలంటే ఇద్దరిలో ఒకరైనా నిలకడగా ఉండాలి గదా.

“మీ వేలు చూపీండి,” అంది గుసగుసగా.

చూపించాను.

“ఎవురు పూసినారు?”

“నేనే.”

“అయితే నచ్చినోడు దొరికినాడా?”

“నచ్చినోడు దొరకలే. నచ్చినామె దొరికింది.”

ఓబులమ్మ తల దించుకుంది. పాలిపోయిన పెదవులకు రంగు తిరిగొచ్చింది. “సారూ,” అంది, “వేలు వదిలిపెడితే పోయి ఓటేసుకుంటా.”

అసెంబ్లీకి గులాబీ కాగితం, పార్లమెంటుకు తెల్ల కాగితం పట్టుకుని అట్ట చాటుకు పోయింది. పెట్టెలో రెండూ వేసేటప్పుడు, లోపల పడిన చప్పుడు విందామని పెట్టె దగ్గర చెవి పెట్టింది. కాగితం పడితే ఏం చప్పుడవుతుంది? తనకు మాత్రం వినబడినట్టే ఉంది.

తర్వాత జేజి. లోపలికి పోయి అయిదు నిమిషాలైనా రాలేదు. ఉన్నట్టుండి అట్ట వెనక నుంచి గట్టిగా అడిగింది.

“ఒరే నాయనా, ఇందులో నాకు ఎవురూ నచ్చలే. ఏం చేయల్ల?”

గోడవైపు తిరిగిన సంజీవయ్య కూడా ఇటు తిరిగాడు. నేను నోరు తెరవకూడదు, డ్యూటీలో ఉన్నాను. అప్పటిదాకా దువా చేసుకుంటున్న సత్తార్ సారు లేచి నిలబడ్డాడు. ఆ మెత్తని మనిషి గొంతు ఆ గదిలో మొదటిసారి గట్టిగా మోగింది.

“అది మీ ఇష్టం అమ్మా. మీకు తోచినట్ల చేయండి. మీ చేత్తో మడిచి, మీ చేత్తో పెట్టెలో వేయండి. తొందరేం లేదు, సాయంత్రం దాకా టైముంది.”

ఇంకో అయిదు నిమిషాలు టపటపా ముద్రల చప్పుడు. జేజి రెండు కాగితాలూ పెట్టెలో వేసి, సిరా వేలు పైకెత్తి పట్టుకుని బయటికి నడిచింది. గుమ్మం ముందు అప్పటికే నలుగురైదుగురు ఆడవాళ్లు చేరారు.

“ఎవురికేసినావు సుబ్బక్కా?”

“అందరికీ తలా ఒకటి గుద్దినా. ఎవునికీ కోపం రాకుండా.”

చెల్లని ఓటు. నాకు తెలుసు, సత్తార్ సారుకు తెలుసు. కానీ చెల్లని రూపాయికున్న సిగ్గు ఆ ముఖంలో ఎక్కడా లేదు. డెబ్బై ఏళ్లకు ఎవరో ఆమెను ఒక ప్రశ్న అడిగారు, ఆమె జవాబు చెప్పింది. ఆ వేలు పట్టుకుని ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు చూశారు. కొత్త గాజులు చూసినట్టు చూశారు.

పది గంటలకల్లా వరస బడి గేటు దాటింది. పైవీధివాళ్లూ కిందివీధివాళ్లూ ఒకే వరసలో. సంజీవయ్య రెండుసార్లు బయటికి పోయి వచ్చాడు. రెండోసారి వచ్చి, కట్టలోంచి ఒక్కొక్క పేరే చదువుతూ చీటీలు పంచడం మొదలుపెట్టాడు. “పెద్దాయన పంచమన్యాడు,” అన్నాడు ఎవరూ అడక్కుండానే. పైవీధాయన అన్నాడో, కిందివీధాయన అన్నాడో మేమూ అడగలేదు. నల్లగుండ్లలో రాజీ చెడలేదు. ఇద్దరి లెక్కలూ సమానంగా చెడ్డాయి కాబట్టి ఎవరూ ఎవరి మీదా కత్తి ఎత్తే పని లేకపోయింది.

మధ్యాహ్నం వాన కురిసింది. వరసలో ఉన్నవాళ్లు కదల్లేదు. చాప ఉన్నవాళ్లు చాప, చేట ఉన్నవాళ్లు చేట నెత్తిన పెట్టుకున్నారు. ఓబులమ్మ ఇంటికి పోతే ఒట్టు. ముసలాళ్లను చేయి పట్టుకుని గుమ్మం దాకా తెస్తూ, తెచ్చిన ప్రతిసారీ నా వైపు ఒక చూపు విసిరి పోయేది. ప్రతి చూపుకూ నా గీత ఒకటి వంకరపోయింది. ఆ ఊళ్లో సగంమంది వేళ్ల మీద సిరా గీత తిన్నగా లేదు, దానికి బాధ్యురాలు ఆమె.

అయిదు గంటలకు అయిదు నిమిషాలుందనగా తడిసిన గొంగడితో బాలన్న లోపలికొచ్చాడు. ఊళ్లో అందరికన్నా చివర. నా ముందు చేయి చాపాడు. నేను గబుక్కున గీత గీసి, “పోండి,” అన్నాను.

బాలన్న కదల్లేదు. తన వేలు చూసుకున్నాడు.

“ఏం సారూ, ఇంతేనా?”

“ఇంతే.”

“నా వేలికి రెప్పపాటు పట్టలే. నా బిడ్డ వేలికి అంత సేపెందుకు పట్టింది? పొద్దున చెట్టు కిందనుంచి చూస్తాంటి.”

నా దగ్గర నాలుగు ఎన్నికల అనుభవముంది. ఆ ప్రశ్నకు ఏ రూలూ లేదు.

“మీది యా ఊరు?” అన్నాడు.

“పులివెందుల పక్కన. మా తాత గొర్లు మేపుకుంటా ఈ పక్కకు వచ్చేవాడంట.”

“పేరు?”

“గోవిందు. ప్రొద్దుటూరులో అయ్యవారిని.” ఇంక ఆపితే మళ్లీ నోరు పెగలదని తెలిసి, సిరా బ్రష్షు కింద పెట్టి లేచి నిలబడ్డాను. “నిలబడతాండా మామా. మీరు చూసిన ఇద్దరి తర్వాత మూడోవాణ్ణి నేను. మీరూ, మీ బిడ్డా ఆలోచించుకోని చెప్పండి.”

సత్తార్ సారు గడియారం చూసి, నన్ను చూసి, “పోలింగ్‌కు ఇంకా రెండు నిమిషాలుంది, కానీయండి,” అన్నాడు.

బాలన్న ముందు ఓటేసి వచ్చాడు. తొందరపడలేదు. వచ్చి, గుమ్మం దగ్గర నిలబడ్డ కూతుర్ని పిలిచాడు. జేజి, ఆడవాళ్లు, సంజీవయ్య, లారీ దగ్గరి కానిస్టేబులు, అందరి ముందూ అడిగాడు. అంతకుముందు ఇద్దరప్పుడూ అడగని ప్రశ్న అది.

“ఏం బిడ్డా, ఈ సారు నచ్చినాడా?”

ఓబులమ్మ నన్ను తీరిగ్గా చూసింది. నా జీవితంలో ఎన్నో కౌంటింగులు చూశాను. అంత ఆలస్యమైన ఫలితం ఇంకొకటి లేదు.

“పూర్తిగా నచ్చలే నాయనా,” అంది. “లేని ఫోన్లో మాట్లాడతాడు. ఆయప్ప జోకులు ఒక పూటకు ఒకటే భరించగలం.”

నా గుండె డిపాజిట్టు పోగొట్టుకోబోయింది.

“కానీ వాకిట్లోకి వచ్చి నిలబడినాడు, నన్ను అడిగినాడు,” అంటూ తన సిరా వేలు పైకెత్తి చూపించింది. “వేస్తాండా.”

ఆ సంవత్సరం నల్లగుండ్లలో అరవై ఒక్క శాతమే పోలయింది. పర్సెంటేజీ తగ్గింది, పరువు పెరిగింది. పెట్టెలు అప్పజెప్పే చోట సత్తార్ సారు అన్నిటికన్నా ముందు సంచిలోంచి సిరాబుడ్డి తీసి బల్ల మీద పెట్టాడు. అడుగున ఒక చుక్క కూడా లేదు.